ట్రౌట్ కోసం తిరుపతి నుంచి బయల్దేరేవాళ్లకు: ఏ కొండ, ఏ ఏరు, ఏ కర్ర

చెరువు గట్టున గాలం వేసే అలవాటున్న మన తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లకు ఈ మధ్య ట్రౌట్ చేప మీద మనసు పడింది. "అన్నా, ఊటీలో దొరుకుతుందా? కాశ్మీరుకే పోవాలా? కులూ ఎట్లుంటుంది?" అని అడుగుతున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. మొదటిసారి పోయేవాళ్లు హిమాచల్‌లోని తీర్థన్ లోయకు పొండి. అక్కడ కూడా పెద్ద నది ఒడ్డున ఆగిపోకుండా, దానిలో కలిసే చిన్న ఏళ్ల వైపు నడవండి. చేతిలో తేలికపాటి గాలపు కర్ర ఉంటే చాలు. ఎందుకో చెప్పాలంటే ఊళ్ల కంటే ముందు నీళ్ల సంగతి మాట్లాడుకోవాలి.

ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. నీళ్లు ఇరవై డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది, పాతిక దాటితే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగిన ఆక్సిజన్ తగ్గిపోవడమే దీనికి ముఖ్య కారణం. మన స్వర్ణముఖి, అరణియార్ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య వానలకు పారి, ఎండాకాలానికి ఇసుక తేలతాయి. 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ కూడా ఈ చేపకు చాలదు. తలకోన నీళ్లు ఒంటికి చల్లగా తగిలినా ట్రౌట్ బతికేంత చల్లన కావు. పైగా అది నేషనల్ పార్క్, అక్కడ గాలం వేయకూడదు. కాబట్టి ట్రౌట్ కావాలంటే రైలెక్కక తప్పదు.

ట్రౌట్‌ను పట్టడానికి నేను చెప్పే పద్ధతి ఫ్లై ఫిషింగ్. అది మనం వేసే గాలానికి పూర్తిగా వేరు. మన గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుని పోతుంది, వానపామో పిండి ముద్దో ఎరగా ఉంటుంది, బెండు మునిగేదాకా కూర్చుంటాం. ఫ్లైకి దారాన్ని లాక్కుపోయేంత బరువు ఉండదు. చిన్న కొక్కానికి ఈకలు, దారం చుట్టి పురుగులా కట్టిన బొమ్మ అది. దాన్ని విసిరేది లావుగా, బరువుగా ఉండే లైన్. ఆ లైన్‌ను గాలిలో వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే చివరనున్న సన్నటి దారం విప్పుకుని ఫ్లై నీటి మీద మెల్లగా వాలుతుంది. ఇందులో కూర్చోవడం ఉండదు. నడవాలి, చూడాలి, వంగాలి, మళ్లీ నడవాలి.

చిన్న ఏరా, పెద్ద నదా

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. చాలామంది ముందు రాష్ట్రం ఎంచుకుంటారు, హోటల్ బుక్ చేస్తారు, తర్వాత ఎదురుగా ఏ నీళ్లుంటే అందులో గాలం వేస్తారు. అట్లా చేస్తే కాశ్మీరులో లీడర్ నది ఒడ్డునో హిమాచల్‌లో బియాస్ ఒడ్డునో నిలబడి, హోరుమనే నీళ్లలోకి గంటల తరబడి లైన్ విసరడమే మిగులుతుంది.

పెద్ద నదికి దాని గొప్పతనం ఉంది, కాదనను. రెండు మూడు కిలోల చేప తగిలే అవకాశం అక్కడే ఉంటుంది. కానీ దానికి దూరం విసరడం రావాలి, ఐదో నంబరో ఆరో నంబరో కర్ర కావాలి (నంబర్ పెరిగేకొద్దీ కర్ర బరువు), బరువైన నింఫ్‌ను, అంటే నీటి అడుగున ఉండే పురుగు పిల్లలా కట్టిన ఫ్లైని, అడుగుదాకా దింపడం తెలియాలి. మే, జూన్‌లో మంచు కరిగి నీళ్లు తెల్లగా మసకబారిపోతాయి. మోకాళ్ల దాకా దిగినా ప్రవాహం కాళ్లు లాగేస్తుంది. చెరువులో ఈత నేర్చుకున్నవాళ్లం మనం. హిమాలయ నది లాగుడు మనకు అలవాటు లేదు. ఆ ధైర్యం మొదటి ప్రయాణంలో చేయకండి.

చిన్న ఏరు ఇద్దరు మనుషులు చేతులు చాపి నిలబడితే అటు ఒడ్డు అందేంత వెడల్పు ఉంటుంది. అందులో చేప జానెడు ఉంటుంది, బాగా ఎదిగితే ఇంకొంచెం ఎక్కువ. బరువు కోసం పోయేవాళ్లకు అది నచ్చకపోవచ్చు. కానీ ఆ జానెడు చేపను పట్టడానికి ముందు ఏటిని చదవాలి, అదే ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుంది. తిండి పైనుంచే కొట్టుకొస్తుంది కాబట్టి. అందుకే మనం కింది నుంచి పైకి, దాని వెనక వైపు నుంచి పోవాలి. నీళ్లలో కొట్టుకుపోయే పురుగు పట్టాలి, కానీ ప్రవాహంతో పోరాడి అలిసిపోకూడదు. ట్రౌట్ బతుకంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. అందుకని నెమ్మదిగా ఉండే నీళ్లలో నిలబడి, పక్కనే జోరుగా పోయే నీళ్లను కనిపెట్టుకుని ఉంటుంది. బండరాయి వెనక, చిన్న జారుడు కింద ఏర్పడే మడుగు అంచున, వేళ్ల కింద కోసుకుపోయిన గట్టు నీడలో వెతకండి. నీటి మీద నురుగు ఏ దారిన పోతోందో చూడండి. నురుగు పోయే దారినే తిండీ పోతుంది. ఒక రాయి ఎత్తి అడుగు వైపు తిప్పి చూస్తే మూడు తోకల మేఫ్లై పిల్లలు పాకుతుంటాయి. గులకరాళ్ల పొడితో గూడు కట్టుకున్న కాడిస్ పురుగులు అతుక్కుని ఉంటాయి. చూశాక రాయిని మళ్లీ అదే చోట పెట్టేయండి. హిమాలయ ఏళ్లలో డిప్పర్ అనే ముదురు గోధుమరంగు పిట్ట ఉంటుంది, నీళ్లలో మునిగి అడుగున నడుస్తూ ఈ పురుగుల్నే ఏరుకుంటుంది. ఆ పిట్ట తిరిగే ఏటిలో ట్రౌట్‌కు తిండి ఉన్నట్టే.

చిన్న ఏటిలో తిండి తక్కువ, చేపకు ఆలోచించే తీరిక లేదు. పురుగులాంటిది నెత్తి మీదికి వచ్చిందంటే తినాలో వద్దో రెప్పపాటులో తేల్చుకోవాలి. అందుకే ఫ్లై ఏ రకం అన్నది అక్కడ అంత ముఖ్యం కాదు. మీ నీడ, మీ అడుగు చప్పుడు ముఖ్యం. గట్టు మీద దబదబా నడిస్తే మడుగంతా క్షణంలో ఖాళీ. మోకాళ్ల మీద కూర్చుని నాలుగైదు మీటర్ల దూరం నుంచి విసిరితే, ఎర్ర చుక్కల బంగారు పొట్టతో బ్రౌన్ ట్రౌట్ పైకి వచ్చి ఫ్లైని అందుకోవడం కళ్లారా చూస్తారు. ఒక్కో మడుగుకు రెండు మూడు విసుర్లు చాలు. తగలకపోతే ఇంకో పదడుగులు పైకి. ఆ వంపు అవతల ఏముందో అన్న ఆత్రం పొద్దుగూకేదాకా మనిషిని నడిపిస్తూనే ఉంటుంది.

నేర్చుకునేవాళ్లకు ఇంకో లాభం ఉంది. పెద్ద నదిలో ఏమీ తగలకపోతే తప్పెక్కడుందో తెలియదు. చేప లేదా, లోతు చాలలేదా, ఫ్లై తప్పా? చిన్న ఏటిలో అన్నీ కంటి ముందే. ఫ్లై సహజంగా తేలకుండా లైన్ లాగితే నీటి మీద చిన్న గీత పడుతుంది, చేప వెనక్కి తిరిగిపోతుంది. మీరే చూస్తారు, మళ్లీ విసిరేటప్పుడు మీరే సరిచేసుకుంటారు.

ట్రౌట్ ఫారాల దగ్గర తొట్టెల్లో, కుంటల్లో పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. పిల్లలకు సరదాకి బాగుంటాయి. దాని కోసం ఇంత దూరం పోనక్కర్లేదు.

నీలగిరి, హిమాచల్, కాశ్మీర్

మన దేశంలో ట్రౌట్ ఎక్కడా పుట్టింటి చేప కాదు. బ్రౌన్ ట్రౌట్ యూరప్‌ది, రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదులది. నీలగిరుల్లో 1863 నుంచే ప్రయత్నాలు జరిగి విఫలమయ్యాయి. చివరికి చేపల పెంపకం నిపుణుడు హెచ్.సి. విల్సన్ పూనికతో 1907లో అవలాంచిలో హేచరీ (గుడ్లు పొదిగించే కేంద్రం) వచ్చాక రెయిన్‌బో నిలదొక్కుకుంది. కాశ్మీరుకు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1900లో స్కాట్లండ్ నుంచి వచ్చాయి, కులూకు 1909లో కాశ్మీర్ నుంచి చేరాయి. ఇప్పుడు చాలా ఏళ్లలో ఇవి తమంతట తాము గులకరాళ్లలో గుడ్లు పెట్టి పెరుగుతున్నాయి. మనం వెతికేది ఆ ఏటిలోనే పుట్టిన చేపను.

నీలగిరి మనకు అన్నిటికన్నా దగ్గర. తిరుపతి నుంచి కోయంబత్తూరుకు నేరుగా రైలుంది, అక్కడి నుంచి మేట్టుపాళయం మీదుగా ఊటీ ఎక్కేయొచ్చు. రెయిన్‌బో ఉన్న ఏళ్లు అవలాంచి, అప్పర్ భవానీ వైపు ఉన్నాయి. దగ్గరని తెలిసి కూడా నేను దాన్ని మొదట చెప్పకపోవడానికి కారణం పర్మిషన్. ఆ ఏళ్లలో మంచివన్నీ రిజర్వు అడవిలోనో ముకుర్తి నేషనల్ పార్క్‌లోనో ఉన్నాయి. అడవిలోకి సొంత బండిలో పోనివ్వరు, పార్కులో గాలం మాటే లేదు. ఫిషరీస్ వాళ్ల దగ్గర, అటవీ శాఖ దగ్గర ఏ చోటుకు అనుమతి ఉందో కాగితం మీద తెలిశాకే టికెట్ తీసుకోండి. ఇక జూన్ వచ్చిందంటే అటు వద్దే వద్దు. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క రోజులోనే ఎనభై సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఫిబ్రవరి నుంచి మే మధ్య వరకు, చేతిలో అనుమతి ఉండి, రెండు మూడు రోజులు మాత్రమే సెలవు దొరికేవాళ్లకు నీలగిరి సరైన ఎంపిక.

కాశ్మీర్ పద్ధతి ఉన్న చోటు. అక్కడ ట్రౌట్ ఏళ్లను బీట్లుగా, అంటే ముక్కలుగా, విడగొట్టారు. ఒక రోజుకు ఒక బీట్‌కు పర్మిట్ తీసుకుంటే ఆ ముక్కలో మీతో పాటు కొద్దిమందే ఉంటారు. ఫ్లై మాత్రమే వేయాల్సిన బీట్లు వేరుగా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఇదే పని చేసే గైడ్‌లు దొరుకుతారు. పహల్గాం దగ్గర లీడర్ పెద్దది. నా ఓటు కోకర్‌నాగ్ వైపు బ్రింగీకి. ఊట నీళ్లు ఎక్కువగా కలిసే ఏరు కాబట్టి తేటగా, చల్లగా ఉంటుంది. అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంట తీసుకుపోయేవాళ్లకు కాశ్మీర్ నయం. మీరు ఏట్లో ఉంటే వాళ్లు చూడటానికి బోలెడు ఉంది. ఖర్చు మాత్రం మూడింటిలో ఇదే ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత చాలా చోట్లు కొన్నాళ్లు మూసేశారు కాబట్టి, బుకింగ్‌కు ముందు అప్పటి పరిస్థితి కనుక్కోండి.

హిమాచల్‌లో తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ నుంచి దిగి, లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పార్క్ అది. పార్కు హద్దు దాటి లోపల గాలం వేసే ఆలోచన పెట్టుకోవద్దు. బయట బంజార్ నుంచి గుషైనీ దాకా ఒడ్డు పొడవునా హోమ్‌స్టేలు ఉన్నాయి, ఫిషరీస్ శాఖ రోజువారీ లైసెన్సు ఇస్తుంది. గుషైనీ దగ్గర పలాచన్ అనే ఏరు వచ్చి కలుస్తుంది. నేను చెప్పే చిన్న ఏళ్లు ఈ రకానివి. తీసుకున్న లైసెన్సు ఏ ముక్కకు చెల్లుతుందో ఇచ్చేవాళ్లనే అడిగి తెలుసుకోండి. ఇదే కోవలో బరోత్ కూడా మంచి చోటు. అక్కడ ఊల్ నదిలో లంబాడగ్ కలుస్తుంది. ఊరు చిన్నది, జనం తక్కువ. నదికి, ఏటికి, మీ మంచానికి మధ్య నడిచిపోయేంత దూరమే ఉండటం ఈ రెండు చోట్ల సుఖం. పొద్దున్నే చిన్న ఏరు, సాయంత్రం పెద్ద నది. రెండూ ఒకే రోజు చూసి మీకు ఏది సరిపోతుందో మీరే తేల్చుకోవచ్చు. మొదటిసారికి హిమాచల్ అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తిరుపతి నుంచి సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ, అక్కడ సాయంత్రం మనాలి బస్సు ఎక్కి ఔట్ దగ్గర దిగితే బంజార్‌కు దారి. రానూపోనూ రోజులు కలిపి పది రోజుల సెలవు లేకపోతే విమానం చూసుకోవాలి. రేణిగుంట నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి ఢిల్లీ.

టెంకారా కర్రా, మూడో నంబర్ ఫ్లై రాడ్డా

ఫ్లై రాడ్‌కు నంబర్ ఉంటుంది, నంబర్ తగ్గేకొద్దీ తేలిక. చిన్న ఏటికి ఏడడుగుల మూడో నంబర్ రాడ్ చక్కగా సరిపోతుంది. కొమ్మల కింద లైన్‌ను నీటి మీదే దొర్లించి విసరొచ్చు, చేప పరుగెత్తితే రీల్ నుంచి లైన్ వదలొచ్చు. దాన్ని ఊపడం చేతికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

టెంకారా జపాన్ కొండ ఏళ్ల పద్ధతి. పది పన్నెండడుగుల సన్నటి కర్ర, దాని చివర కట్టిన లైన్, ఫ్లై, అంతే. రీల్ ఉండదు. మన వెదురు గాలపు కర్రతో చిన్నప్పుడు పరకలు పట్టినవాళ్లకు అది చేతిలో పెట్టగానే అలవాటైనట్టు అనిపిస్తుంది. పొడుగు కర్ర కాబట్టి లైన్‌ను నీటికి తగలకుండా పైకి పట్టుకోవచ్చు, ఫ్లై ఒక్కటే నీటి మీద తేలుతుంది. ముడిస్తే మూరెడు కన్నా కొంచెం ఎక్కువ. రైల్లో బ్యాగులో పట్టేస్తుంది. ఏటి మీద కొమ్మలు దట్టంగా అల్లుకుని ఉంటే మాత్రం ఇబ్బంది, పెద్ద చేప తగిలితే దాని వెనక మనమే నడవాలి.

మొదటి ప్రయాణానికి టెంకారా తీసుకోండి. విసరడం గురించి టెన్షన్ తగ్గితే కళ్లు నీటి మీద నిలుస్తాయి. తర్వాత కూడా ఈ పిచ్చి వదలకపోతే మూడో నంబర్ రాడ్ కొనుక్కోండి. సామాను ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. ఫ్లైలలో నీటి మీద తేలే ప్యారాషూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్, పద్నాలుగు, పదహారు సైజుల్లో కొన్ని, ఫెజెంట్ టెయిల్ నింఫ్‌లు కొన్ని ఉంటే వారం గడుస్తుంది. చివరి సన్న దారం 5ఎక్స్, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు మందం. సొంతంగా కట్టుకోవాలనుకుంటే మన నాటుకోడి పుంజు మెడ ఈకలు బాగా పనికొస్తాయి. పట్టుగల బూట్లు, నీటి మెరుపును కోసే పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. కళ్లద్దాలు లేకపోతే చేప కనిపించదు, కంట్లో కొక్కెం గుచ్చుకునే ప్రమాదం కూడా ఉంటుంది.

పోయేముందు ఇంటి దగ్గర

మిద్దె మీదో యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో కొక్కెం బదులు ఉన్ని ముక్క కట్టి, ఐదు మీటర్ల దూరంలో పళ్లెం పెట్టి రోజూ ఓ పావుగంట విసరండి. కొన్నాళ్లకు నిలబడి కాకుండా మోకాళ్ల మీద కూర్చుని విసరండి, ఏట్లో పడేది ఆ అవసరమే.

నీటి మీద సాధన కోసం వానల తర్వాత మన చెరువుల్లో జిలేబి చేపలు చాలు. చిన్న నింఫ్‌ను నమలడానికి వెనకాడవు. కానీ చెరువు పాట పాడుకున్నవాళ్లను అడిగే వేయండి, పట్టింది తిరిగి వదిలేస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు. కల్యాణి డ్యాం తిరుపతికి, తిరుమలకు తాగునీళ్లిచ్చేది, అక్కడ వద్దు. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు కుంటలకు ఏనుగులు వస్తుంటాయి, పొద్దుగూకక ముందే వెనక్కి తిరగండి.

వదిలేయడం గురించి కూడా ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. కొక్కెం మొన వెనకాల ఎదురుగా ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి. అప్పుడు కొక్కెం తేలిగ్గా ఊడొస్తుంది. చెయ్యి తడుపుకోకుండా చేపను పట్టుకోకండి, పొడి చేతికి దాని ఒంటి మీది జిగురు ఊడిపోయి జబ్బు పడుతుంది. ఫొటో తీసుకోవాలన్నా నీటి పైనే, ఊపిరి బిగపట్టినంత సేపే. లైసెన్సు నియమాలు కొన్ని చేపలు ఉంచుకోనిచ్చినా, చిన్న ఏటి చేపను వదిలేయాలన్నది నా గట్టి అభిప్రాయం. అంత చల్లటి, తిండి తక్కువ నీళ్లలో జానెడు పెరగడానికే దానికి ఏళ్లు పడుతుంది. నాలుగు మడుగులున్న ముక్కలోంచి నాలుగు పెద్ద చేపలు తీసేస్తే ఇక అక్కడ పట్టడానికేమీ ఉండదు. మన ఊళ్లో చేప ముట్టని ఇళ్లవాళ్లు కూడా ఈ ఆట ఇష్టపడేది పట్టి వదిలేస్తాం కాబట్టే. హిమాలయాల సొంత చేప స్నో ట్రౌట్ తగిలితే ఇంకా జాగ్రత్తగా వదలండి. పేరులో ట్రౌట్ ఉన్నా అది మన బొచ్చె, శీలావతి కుటుంబానిదే. బయటి నుంచి వచ్చిన ట్రౌట్‌తో చోటు పంచుకోలేక అవస్థ పడుతోంది.

ఇక నెలలు. హిమాచల్‌లో ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా పట్టడం నిషేధం. జులై, ఆగస్టులో వరద, కొండచరియల భయం, 2023 జులైలో కులూ ఎంత దెబ్బతిన్నదో అందరం చూశాం. మిగిలేవి మార్చి నుంచి జూన్, మళ్లీ సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్. మన పిల్లల సెలవులకు మే కుదురుతుంది. అప్పుడు పెద్ద నది మసకగా ఉన్నా చిన్న ఏళ్లు తేటగా దొరుకుతాయి. ఒంటరిగా పోయేవాళ్లు దసరా వెళ్లాక, అక్టోబర్‌లో పొండి. కులూ దసరా మన విజయదశమి నాడు మొదలై వారం నడుస్తుంది, ఆ వారం బస్సుల్లో, గదుల్లో చోటు దొరకదు. ఢిల్లీ టికెట్ రెండు నెలల ముందే తీసుకోండి. ఉన్ని బనియన్, రెండు జతల సాక్సులు, రెయిన్ కోట్ సర్దుకోండి. లైసెన్సు చేతికొచ్చేదాకా కర్ర విప్పకండి.